నాలుగున్నర అడుగుల వాకిలి

ఆ పెట్టెలో పన్నెండు రంగులు ఉండేవి. రెండు నెలలు అది మా ఇంట్లో ఉన్నా నేను ఒక్క రంగునే తాకాను, అదీ చిటికెన వేలి గోటితో. నీలం. ఆ నీలం రెండు రోజులు గోటి మీద ఉండి పోయింది.

ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే, జ్ఞానమణి (అంటే నేను) ఆ పెట్టెకు ఆశపడిందని మా గేరిలో ఇప్పటికీ కొందరు అంటారు. ఆశపడిన మాట నిజమే. మిగిలింది కూడా చదివి అనమనండి.

పోయిన ఎండాకాలం సంగతి. 1938. మా ఊరు బనగానపల్లెకు మూడు కోసుల దూరం. ఊరికి పడమట నాపరాతి గనులు, ఆ గనులకూ ఊరికీ మధ్యన మా గేరి, ఊరు దూరంగా ఉంచినవాళ్ల వాడ. మగవాళ్లందరిదీ బండలు తీసే పని. మా తాతల కాలంలోనే మేము క్రైస్తవులమయ్యాం కానీ ప్రార్థనకు గుడి లేదు. వారం రోజులు పిల్లలు చదివే బోదగడ్డి కొట్టంలోనే ఆదివారం ఆరాధన జరిగేది. గుడి కట్టాలని ఆరేళ్లుగా ప్రతి ఇంటివాళ్లూ వారానికొక బండ తీసి స్థలంలో పేరుస్తూ వచ్చారు. ఆ బండల వరుస మా చిన్నప్పుడు మోకాలెత్తు. ఇప్పుడు దాని వెనక నిలబడితే నేను కనిపించను.

మాఘమాసంలో మిషను ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నీలం కాగితం మీద తెల్ల గీతలు. మా ఉపదేశి దావీదురాజుగారు, ఆరాధన నడిపేదీ బడిలో మాకు పాఠం చెప్పేదీ ఆయనే, దాన్ని బండ మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టారు. అందరూ చుట్టూ చేరారు. బనగానపల్లె నుంచి వచ్చిన మద్దిలేటి మేస్త్రి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ఆయనే చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమప్పా, గీతలైతే శానా ఉండాయి. గోడ యాడుండాది ఇందులో?"

"ఇదే గోడ మేస్త్రీ. ఇది కిటికీ" అన్నారు ఉపదేశిగారు.

"మీరు సదువుకున్నోళ్లు, మీకు అగపడుతాది. నాకు బొమ్మ చేసియ్యండి. కంటితో చూసినానంటే కట్టేస్తా. కాగితం చూసి కట్టేవాడు కావల్లంటే కర్నూలు నుంచి తెచ్చుకోండి, ఏమనుకోను."

బొమ్మ ఎవరు చేస్తారని పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉపదేశిగారు మాత్రం అమ్మ వెనక నక్కిన నన్ను చూశారు. జొన్నకోతలైనాక జొన్నదంట్లతో నేను ఎద్దులబండ్లు చేస్తాను. చక్రాలు తిరుగుతాయి, కాడి ఊడదు. గేరిలో పిల్లలందరి దగ్గరా నేను చేసిన బండ్లే.

"జ్ఞానమణి చేస్తుంది" అన్నారు.

"దీనికి నోట్లో మాటే రాదు గదయ్యా" అన్నాడు ఎవరో.

"గుడి కట్టేదానికి నోరెందుకప్పా" అన్నాడు మేస్త్రి.

నలుగురిలో నాకు మాట రాదన్నది నిజమే. బడిలో ప్రశ్న అడిగితే జవాబు పలక మీద రాసి చూపించేదాన్ని. అందుకే ఉపదేశిగారు రెండేళ్ల కిందట నాకొక నోటుబుక్కు ఇచ్చి, "చెప్పలేనిది ఇందులో రాసుకో" అన్నారు. ఈ కథలో తేదీలన్నీ దాంట్లోవే.

బొమ్మ చేయడమంటే ముందు ఏది పనికొస్తుందో తేల్చుకోవడం. సగం రోజులు దానికే పోతాయి.

అమ్మ చేను నుంచి ఒక మోపు పచ్చిదంట్లు తెచ్చి పడేసింది. "ఇవి తీసుకో. చెప్పినట్ల వంగుతాయి."

"వద్దుమా. ఎండినాక కుంచుకుపోతాయి. గోడలన్నీ వంకరపోతాయి."

వామిలో పైదంట్లు వానకు తడిసినవి, అడుగువి చెదలు పట్టినవి. నడిమధ్య నుంచి నిరుటి దంట్లు ఏరి, ఒక్కొక్కదాన్ని గోటితో కొట్టి చూశాను. గట్టిగా టక్కుమన్నదే తీసుకున్నాను. మొదలు దగ్గరి గనుపుల బెరడు మందంగా ఉంటుంది, అది గోడలకు. కొనదగ్గరిది ఈనెలా సన్నగా వస్తుంది, అది కిటికీ ఊచలకు. లోపలి బెండు మూలలు కలపడానికి. మేకులకు తుమ్మముళ్లు. ముదురు ముల్లు పుటుక్కున విరుగుతుంది, లేత చెట్టు తెల్లముల్లు దిగుతుంది. వేపబంక పెట్టి చూశాను, మూడోనాటికి ఊడింది. తుమ్మబంక నానబెట్టి గుడ్డలో వడగట్టి పెడితే పట్టింది.

పనిముట్లకు నాయనను అడిగాను. నాయన పేరు ఆనందం. ఆయన మొన విరిగిన ఉలి ముక్క ఒకటి ఇచ్చాడు. దాన్ని నాపరాయి మీద నీళ్లు పోసి మూడు రోజులు నూరితే వెంట్రుక కోసే పదును వచ్చింది. మా పక్కింటి బొజ్జన్న తాత చెప్పులు కుట్టే ఆరె ఇచ్చాడు, రంధ్రాలకు. ఉపదేశిగారు బడి అడుగుబద్ద ఇచ్చారు. కాగితంలో కొలతలు చదివి, "అర అంగుళం అంటే ఒక అడుగు అనుకో. అన్నిటికీ అదే లెక్క. ఒక్కచోట తప్పినా మేస్త్రి అక్కడ తప్పే కడతాడు" అని చెప్పారు. ముప్పై అడుగుల గుడి పదిహేను అంగుళాలు. పద్దెనిమిది అడుగుల వెడల్పు తొమ్మిది.

రంగుల్లో తెలుపుకు సున్నం ఉంది. పునాది అంచుకు కావి కావాలంటే బేతంచెర్ల వైపు నుంచి వచ్చే బండ్లవాళ్లు ఎర్రమన్ను గడ్డ ఇచ్చారు. నలుపుకు దీపం మసి. నీలం ఒక్కటే ఎక్కడా దొరకలేదు. నాకేమో వాకిలి నీలంగా ఉండాలని. ఎందుకో చెప్పలేను. మొదట నీలం కాగితంలో చూశాను కాబట్టేమో.

వాకిలి ఎత్తు మాత్రం కాగితంలో మడత మీద పడి చెరిగిపోయింది. ఉపదేశిగారిని అడగడానికి సిగ్గుపడి, మా ఇంటి వాకిలి దారంతో కొలిచాను. నాలుగున్నర అడుగులు. అంటే రెండుంబావు అంగుళాలు. రెండు రోజులు కూర్చుని ద్వారబంధం, తలుపు రెక్కలు, గొళ్లెం అన్నీ చేశాను. బొమ్మ మొత్తంలో అంత శ్రద్ధగా ఇంకేదీ చేయలేదు.

మేస్త్రి వచ్చి ఒక కన్ను మూసి బొమ్మను చూశాడు. "గోడలు సరి. కిటికీలు సరి. ఈ వాకిలేంది పాపా, కోళ్లగూటికి పెట్టినట్ల?"

"మా ఇంటి వాకిలి కొలిచినా."

"మీ ఇంటిదా!" అని ఆయన గట్టిగా నవ్వాడు. "ఈ గేరిలో ఏది కొలిచినా అంతే గదా. దేవుని ఇంట్లేకి గూడా నడుం వంచే దూరల్లనా?"

అమ్మ కూడా నవ్వింది. బొజ్జన్న తాత నవ్వలేదు. "మా నాయన ఎత్తు వాకిలి పెట్టినాడు ఒకపారి" అన్నాడు. "ఊళ్లోవాళ్లు వచ్చి పీకించినారు. గేరిలో నిటారుగా దూరే వాకిలి ఉండగూడదని. అది మొదులు ఎవరూ పెట్టల్యా. ఇప్పుడు ఎందుకు పొట్టిగా పెడ్తాండామో గూడా మర్సిపోయినారు."

ఆరోజు పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "నేను పుట్టినకాడి నుంచి ఒక్క వాకిట్లో కూడా నిటారుగా పోలేదు. బడికొట్టం చూరు కింద కూడా వంగాల్సిందే. వాకిలంటే వంగి పోయేదని అనుకున్నాను. ఈరోజే తెలిసింది."

ఆ వాకిలి ఊడదీసి పనిముట్ల బుట్టలో పడేశాను. మేస్త్రి చెప్పినట్టు ఏడడుగులది చేశాను, మూడున్నర అంగుళాలు. "కొలత తెలిసేటందుకు ఒక మనిషిని గూడా చేసి నిలబెట్టు పాపా" అన్నాడు ఆయన. నాయనను గోడకు ఆనించి కొలిచి, బెండుతో అదే లెక్కన మనిషిని చేశాను. వాకిట్లో నిలబెడితే నెత్తిమీద ఇంకా చోటు మిగిలింది. నాయన వచ్చి చూసి, "నేనేనా?" అని అడిగి, నెత్తి తడుముకుంటూ పోయాడు.

గాబ్రియేలు వచ్చింది ఉగాది తర్వాతి వారం.

ఆయన అసలు పేరు చిన్న ఈరన్న. ఊళ్లో పెద్ద రైతు. రెండేళ్ల కిందట ఆయనా, ఇంకో ఏడు ఇళ్లవాళ్లూ బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు మా నాయనను "ఏమిరా" అనేవాడు, బాప్తిస్మం తర్వాత "ఏమప్పా" అనడం మొదలుపెట్టాడు. గుడి కప్పుకు నాలుగు టేకు దూలాలు ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఆత్మకూరు అడివి టేకు. అవి లేకపోతే కప్పు లేదు.

బడికొట్టం ముందు నేను పని చేసుకుంటున్నాను, ఉపదేశిగారు పక్కన ఉన్నారు. గాబ్రియేలు గొంతుక్కూర్చుని చాలాసేపు బొమ్మను చూశాడు. కిటికీ ఊచల్లో నుంచి లోపలికి కూడా చూశాడు.

"శానా బాగుండాది. నిజంగా నువ్వే చేసినావా?"

నేను తలూపాను.

"మా వాడు మద్రాసులో సదివేటప్పుడు ఇట్లాంటి పిచ్చే ఉండె వానికి. ఇప్పుడు మానేసినాడు. ఇంట్లో ఉండి ఏం లాభం" అంటూ చంకలోని తగరపు పెట్టె తీసి, పక్కనున్న నాపబండ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

నేను బండ మీది నుంచి తీసుకున్నాను. అది మాకు మామూలే. ఊళ్లోవాళ్లు మా చేతికి ఏదీ ఇవ్వరు. కింద పెడతారు, మేము తీసుకుంటాం. గాబ్రియేలు మాతో ఒకే కీర్తన పాడేవాడు గానీ చేతులకు మాత్రం ఆ అలవాటు పోలేదు.

మూత తీశాను. పన్నెండు రంగు బిళ్లలు, వాటి గుంతల్లో అవి. మూడు కుంచెలు. ఎముక పిడి ఉన్న సన్నకత్తి. వేలంత రంపం. రెండు ఆకురాళ్లు. నా విరిగిన ఉలి గుర్తొచ్చి కాళ్ల కిందికి జరిపాను.

"నీకే. పెట్టుకో" అని, ఆయన ఉపదేశిగారి వైపు తిరిగాడు. "అయ్యా, ఒక మాట. ఈ తూర్పు వాకిలి మా ఎనిమిది ఇండ్లకు. గేరివాళ్లకు పక్క గోడకొక వాకిలి పెట్టిస్తాం. వాళ్లు అట్ల వచ్చి ఎనక కూర్చుంటారు. ఆ మాటకు ఒప్పుకుంటే రేపే దూలాలు తోలిస్తా."

ఉపదేశిగారు అన్నారు: "ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటామే, గాబ్రియేలూ."

"రొట్టె వేరే అయ్యా. నన్ను గూడా అర్థం చేసుకోండి. మా యమ్మ నా చేతి నీళ్లు ముట్టదు. మా తమ్ముడు గట్టు కాడ ఎదురైతే మొగం తిప్పుకుంటాడు. అంతా పోగొట్టుకొని వచ్చినా. ఇంగ ఒకే వాకిట్లో గేరివాళ్ల ఎనక నడవమంటే మావోళ్లు రారు. ఎనిమిది ఇండ్లూ ఎనక్కి పోతాయి. మీరే పోగొట్టుకుంటారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్లలో కూడా బాధ ఉంది. అప్పుడే ఆయన చూపు నా బుట్ట మీద పడింది. వంగి, నేను ఊడదీసిన వాకిలిని కట్టెపుల్లతో కదిలించాడు.

"ఇదుండాది గదా! కొలతకు సరిపోతాది. దీన్నే పక్క గోడకు పెట్టు పాపా. నువ్వు చేసిందే."

పెద్దలు రెండు రోజులు మాట్లాడుకుని ఒప్పుకున్నారు. నాలుగు దూలాలు. ఆరేళ్ల బండలు. ఇంకేం చేస్తారు.

ఇంట్లో నాయన అన్నం తింటూ చెప్పాడు. "పక్క వాకిలి పెట్టు జ్ఞానా. గోడకు గాటు పెట్టుకో."

నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"దూలాలు లేకుంటే కప్పు ల్యా. కప్పు లేకుంటే అది గుడి కాదు, బండల దొడ్డి. పక్క వాకిలైతే ఏమి? లోపల దేవుడు ఒక్కడే గదా."

"ఒక్కడే అయితే వాకిండ్లు రెండెందుకు?" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"నువ్వూరుకో వరమ్మా. నాకు తెలీదనా? ఈ చేతులు చూడు. ఈ చేతులతో ఇంకో ఆరేండ్లు తీయమంటావా?"

నాయన కుడి చేతి మూడు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, సుత్తి పట్టి పట్టి. ముద్ద కలిపేటప్పుడు ఆ వేళ్లను చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పెట్టె తెరిచి, నీలం బిళ్లను తడిచేసి గోటితో తాకాను. ఎముక పిడి కత్తితో ఒక బెండు ముక్క కోసి చూశాను. వెన్న మీద పోయినట్టు పోయింది. నా ఉలితో అంత నున్నగా ఎప్పుడూ రాలేదు. కత్తి తుడిచి మళ్లీ దాని చోట్లో పెట్టాను. ఆరోజు రాసుకున్నది: "ఈ కత్తితో చేస్తే పక్క వాకిలి చాలా చక్కగా కుదురుతుంది. ఎవరికీ తప్పుగా కనిపించదు. అందుకే దీంతో చేయను."

పక్క గోడ మీద మసితో గీత గీసుకున్నాను. రోజూ ఉలి తీసుకుని దాని ముందు కూర్చునేదాన్ని. గీత అట్లే ఉండేది. అడిగితే "బంక ఆరలేదు" అనేదాన్ని. నేను నోరు తెరిచి చెప్పిన మొదటి అబద్ధం అదే అనుకుంటా.

బొమ్మ చూసి గుడి ఎట్లా కట్టాలో తేల్చే సభ మే నెల రెండో ఆదివారం. ఆరాధన అయినాక అందరూ గుడి స్థలంలో పందిరి కింద చేరారు. గాబ్రియేలువాళ్లు మంచాల మీద, మావాళ్లు నేల మీద. నడిమధ్య బండ మీద తెల్లగుడ్డ పరిచి బొమ్మ పెట్టారు. దగ్గరికి రావాలని పిల్లలు తోసుకుంటుంటే బొజ్జన్న తాత కర్ర ఊపుతున్నాడు.

మద్దిలేటి మేస్త్రి బొమ్మ చుట్టూ తిరిగాడు. "పక్క వాకిలన్నారే. యాడ?"

అందరూ నన్ను చూశారు.

"పెట్టు జ్ఞానా" అన్నాడు నాయన. "గీత గీసుకున్నావు గదా. ఆనించి చూపించు."

లేచాను. బుట్టలో నుంచి ఆ పొట్టి వాకిలి తీసి పక్క గోడకు ఆనించాను. అది రెండుసార్లు పడిపోయింది. మూడోసారి నిలబడింది. ఇంక పోయి కూర్చోవచ్చు. కానీ తూర్పు వాకిట్లో నిలబడి ఉన్న బెండు మనిషిని తీసుకొచ్చి దీని ముందు పెట్టాను. కొలతకు మనిషిని పెట్టాలని మేస్త్రే కదా చెప్పింది.

వాకిలి పైకమ్మీ మనిషి గొంతు దగ్గరికి వచ్చింది. తలంతా గోడకు అడ్డం పడింది.

గాబ్రియేలు నవ్వాడు. ఎగతాళిగా కాదు, పిల్లదాన్ని బుజ్జగించినట్టు. "తల దించుకొని పోతాడు లేమ్మా. అలవాటే గదా."

నాయన వైపు చూశాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆ బెండు మనిషినే చూస్తున్నాడు. అది ఎవరి కొలతో ఆయనకు తెలుసు.

"ఆ వాకిలి నేను తప్పుగా చేసింది" అన్నాను. "తప్పుదాన్ని పెట్టను."

"ఏమంటాది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "వినపళ్ల్యా."

ఉపదేశిగారు నావైపు వంగి, "ఇంకోసారి చెప్పు" అన్నారు. ఆయనకు వినపడే ఉంటుంది.

మళ్లీ చెప్పాను. ఈసారి పందిరి అవతలి వాళ్లకు కూడా వినపడింది. పొట్టి వాకిలి తీసి బుట్టలో వేసుకుని, మనిషిని తిరిగి తూర్పు వాకిట్లో నిలబెట్టి, అమ్మ పక్కన కూర్చున్నాను.

"ఆనందమప్పా" అన్నాడు గాబ్రియేలు, నవ్వు పోయిన గొంతుతో. "నీ కూతురికి చెప్పు."

నాయన లేవడానికి కొంచెం సేపు పట్టింది. ఆయనకు మోకాళ్లు కూడా నొప్పే.

"ఏం చెప్పల్ల సామీ. పాప కొలత సరిగ్గానే ఉండాది."

గాబ్రియేలు కండువా దులుపుకుని లేచాడు. ఎనిమిది ఇళ్లవాళ్లు ఆయన వెంట పోయారు. దూలాలు రాలేదు.

తర్వాత పది రోజులు మా ఇంటికి ఎవరూ రాలేదు. అమ్మతో నీళ్లకు పోతే మా గేరి సుబ్బక్క నాకు వినపడేటట్టు అంది: "ఆరేండ్లు మొగుళ్లూ బిడ్డలూ రాళ్లు మోసింది దేనికో. ఒక పిల్ల నోరు తెరిస్తే అంతా పోయె." ఆమె భర్త గనిలో కాలు పోగొట్టుకున్నాడు. అమ్మ అంది: "ఇన్నాళ్లూ నోరు ల్యా నోరు ల్యా అని ఏడ్పిస్తిరి. ఇప్పుడు ఉంటే గూడా తప్పేనా అక్కా?"

నాయన నాతో మాట్లాడలేదు. గనికి పోతున్నాడు, వస్తున్నాడు, పడుకుంటున్నాడు. కోపమో కాదో తెలియలేదు. పదకొండోనాడు గని నుంచి వచ్చి, ఒడిలో నుంచి అరచేతి వెడల్పున్న నాపరాతి పెళ్లలు నాలుగు తీసి నా ముందు పెట్టాడు. గోరంత మందం.

"వీటితో కప్పు పెట్టి చూడు."

"దూలాలు..."

"దూలాలు లేకుండానే. బండలే కప్పుకు. చూడు ఏమైతాదో."

బెండు కప్పు తీసి రాతి పెళ్లలు పెట్టాను. గోడలు పక్కలకు తెరుచుకుని పెళ్లలన్నీ లోపల పడ్డాయి. నాయన పక్కనే కూర్చున్నాడు. "నడుమ కంబం పెట్టు" అన్నాడు. మందమైన దంటు ముక్క నిలబెట్టాను. ఒక పక్క నిలిచింది, ఇంకో పక్క పడింది. కంబాలు జరుపుతూ, పెంచుతూ, తీస్తూ ఆ వారమంతా ఇద్దరం అదే పని. ఆయన ముడుచుకోని వేళ్లతో పెళ్లను పట్టుకునేవాడు, నేను కింద నుంచి కంబం దూర్చేదాన్ని. రెండు వరుసల్లో నాలుగేసి, ఎనిమిది కంబాలు పెట్టినప్పుడు కప్పు నిలిచింది. నాయన దాని మీద ఇంకో రాయి పెట్టాడు. కదల్లేదు.

మేస్త్రి వచ్చి, కప్పు మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు. "నిలబడుతాది. లోపల కంబాలు అడ్డమొస్తాయి గానీ నిలబడుతాది. ఎనిమిది కంబాలు, వాటి మీదికి రాతి దూలాలు. ఇంకో ఏడాది పనప్పా, ఆలోచించుకోండి."

"ఆరేండ్లు తీసినోళ్లం" అన్నాడు బొజ్జన్న తాత. "ఏడో ఏడు తీయలేమా?"

సుబ్బక్క కూడా వచ్చి చూసింది. నాతో ఏమీ అనలేదు. మర్నాడు ఆమె పెద్దకొడుకు మొదటి కంబం రాయి కొట్టడానికి నాయనతో పోయాడు.

బొమ్మ వాకిలికి రంగు వేయాల్సి వచ్చింది. పెట్టె తెరిచి నీలం వైపు ఒకసారి చూసి మూసేశాను. కావిమన్నులో కొంచెం మసి, కొంచెం బంక కలిపి వేశాను. ఎరుపు. ఆరినాక చూస్తే, మా గనిలో వాన పడినప్పుడు గోడలకు కారే రంగు.

మృగశిర కార్తె రాకముందే వాకిలి ఎత్తాలన్నారు. ఇక్కడ ఏ కట్టడానికైనా గోడల కంటే ముందు ద్వారబంధం ఎత్తుతారు. రాతి కమ్మీలు, ఏడడుగులవి. పదిమంది మోకులు పట్టి లాగారు, ఉపదేశిగారు ప్రార్థన చేశారు. గోడ లేదు, కప్పు లేదు. మైదానంలో ఒక్క వాకిలి నిలబడి ఉంది.

దాని పక్క నుంచి ఎటైనా పోవచ్చు. కానీ ఒక్కరు కూడా పక్క నుంచి పోలేదు. అందరూ వరుసగా దాంట్లో నుంచే నడిచారు. అమ్మ నెత్తిన నీళ్లకడవతో నడిచింది, కడవ తగల్లేదు. ఊళ్లో ఎనిమిది ఇళ్లలో ఒక ఇంటి నుంచి తిమ్మమ్మ అనే ముసలామె వచ్చి, ఎవరినీ చూడకుండా, అమ్మ వెనకే నడిచి అవతలికి పోయింది. నాయన వాకిట్లోకి రాగానే తల వంచాడు. అలవాటు. అవతలికి పోయి నిలబడ్డాడు. ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి వచ్చి, ఈసారి తలెత్తి నడిచాడు.

గాబ్రియేలు రాలేదు.

రెండోనాడు పొద్దున పెట్టె తీసుకుని ఊళ్లోకి పోయాను. అమ్మ వస్తానంది, వద్దన్నాను. ఊళ్లోవాళ్ల ఇంటికి పోతే మేము పశువుల కొట్టం వైపు నిలబడి కేకెయ్యాలి. తెచ్చింది అరుగు మూల బండ మీద పెట్టి దూరం జరగాలి. నేను మెట్ల ముందుకు పోయి నిలబడ్డాను.

"గాబ్రియేలన్నా!"

బాప్తిస్మంలో పెట్టిన పేరుతో, అన్నా అని, వాళ్ల వీధిలో ఆయనను ఎవరూ పిలిచి ఉండరు. ఎదురింటి అరుగు మీది వాళ్లు తల తిప్పారు. ఆయన పంచె సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

"నువ్వా. ఆ బండ మీద పెట్టి పో."

"పెట్టను. తీసుకోండి."

"నీకే ఇస్తి గదా. వాడుకోలేదా?"

"నీలం కొంచెం గోటికి అంటింది. ఇంకేమీ ముట్టల్యా. కత్తితో ఒక బెండు కోసినా, తుడిచి పెట్టినా."

పెట్టెను రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకున్నాను. ఆయన ఎదురింటి వైపు చూశాడు, నా వైపు చూశాడు. మళ్లీ "ఆ బండ మీద" అన్నాడు, ఈసారి మెల్లగా. తగరపు పెట్టె బరువు తక్కువే, కానీ చాపిన చేతులకు బరువెక్కుతుంది. మోచేతులు గుంజాయి. దించలేదు. ఎండ మెట్ల మీదికి వచ్చింది. ఇంట్లో నుంచి ఎవరో "ఎవరప్పా?" అని అడిగారు.

ఎంతసేపో తెలియదు. ఆయన ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. నా చేతుల్లో నుంచి పెట్టె తీసుకున్నాడు. ఆయన వేళ్లు నా వేళ్లకు తగిలాయి. రాళ్లు కొట్టని వేళ్లు, మెత్తగా ఉన్నాయి.

వెనక్కి తిరిగే ముందు ఆయన వెనకున్న వాకిలిని కంటితో కొలిచాను. ఇంటికి వచ్చి పుస్తకంలో రాసుకున్నాను: "గాబ్రియేలన్నవాళ్ల ఇంటి వాకిలి, ఏడడుగులు. మా గుడిదీ అంతే."